చాడీల గది

ఆ లాండ్రీలో ఆమె అసలు పేరు జీతాల గుమస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ గంటక్క. ఆస్పత్రుల దుప్పట్లు ఉతికే చోటది. ఒక పక్క గదంతేసి ఉతుకు యంత్రాలు, ఇంకో పక్క ఆరబెట్టే డ్రమ్ములు, నడుమ బుసబుసమని ఆవిరి కక్కే రోలరు ఇస్త్రీ. ఆ హోరులో పక్కనే నిలబడి మాట్లాడినా పెదాలు కదలడం కనిపిస్తుందే తప్ప మాట వినిపించదు. అంతటి హోరునీ చీల్చుకుని ఒక్క గొంతు మాత్రం వచ్చేది. "బండొస్తోందీ! తప్పుకోండీ!" తడి దుప్పట్లు నింపిన ఇనప బండి కాలి మీదికెక్కిందంటే ఇక ఆ కాలి మీద ఆశ వదులుకోవాల్సిందే. గంటక్క గొంతు పలికినన్నాళ్లూ అక్కడ ఎవరి కాలి గోరూ చిట్లలేదు. ఇంట్లో ఆమె మొగుడితో రహస్యం చెబితే వీధి చివర పాలవాడు తల ఊపేవాడని చెప్పుకునేవారు. కొంచెం ఎక్కువ చేసి చెప్పారేమో గానీ, మరీ అబద్ధం మాత్రం కాదు.

అలాంటి గొంతు పోయింది. జలుబు చేసి కాదు, ముసలితనం వచ్చీ కాదు.

ఆ లాండ్రీలో పనిచేసేవాళ్లంతా తాతల నాడు పని వెతుక్కుంటూ ఆ ఊరొచ్చిన వాళ్ల సంతానం. ఒంటి రంగు వేరు, మాట వేరు. ఊళ్లో కొందరు వాళ్లకి 'మసి' అని పేరు పెట్టారు. బస్సులో వాళ్ల పక్క సీటు ఖాళీగా ఉన్నా నిలబడే ప్రయాణం చేస్తారు. వాళ్లు ఉతికి మడిచిన దుప్పటి మీద మాత్రం హాయిగా కాళ్లు చాపుకుని పడుకుంటారు. అదేం చోద్యమో ఆ భగవంతుడికే తెలియాలి!

ఒక మధ్యాహ్నం ఊళ్లో ఏదో పుకారు పుట్టింది. అదేమిటని ఇప్పుడు అడిగితే పుట్టించినవాడికే గుర్తుండదు. గుంపు వచ్చిపడింది. 'మసి వాళ్లు పోవాలి' అని అరుస్తూ రాళ్లతో కిటికీలు పగలగొట్టారు, ముందు గదిలో పేర్చిన దుప్పట్లకి నిప్పు పెట్టారు. లోపలంతా పొగ. గంటక్క తడుముకుంటూ వెళ్లి వెనక తలుపు తెరిచి, గుమ్మంలో నిలబడి అరిచింది. "ఇటు! ఇటు రండి! నా గొంతు పట్టుకుని రండి!" దగ్గుతూ, ఒకరి కొంగు ఒకరు పట్టుకుని అందరూ వచ్చారు. ప్రాణాలు దక్కాయి. అందరికన్నా చివర వచ్చింది గంటక్క మేనకోడలు. కిటికీ అద్దం పెంకు ఎడమ కంట్లో దిగింది. ఆ కన్ను మళ్లీ రాలేదు.

గుమ్మంలో నిలబడ్డప్పుడే గంటక్క ఇంకోటి కూడా చూసింది. నిప్పు పెట్టి వెనక సందులోంచి పారిపోతున్న ముగ్గురిని. ఒకడి చేతిలో కిరసనాయిలు డబ్బా. మొహాలు ఇంత దగ్గర నుంచి చూసింది.

మర్నాడు పొద్దున నోరు తెరిస్తే గాలి వచ్చింది గానీ మాట రాలేదు. ఆ రోజు మొదలు అన్నీ గుసగుసలే. గొంతు డాక్టరు దీపం వేసి చూసి, "ఏ దోషమూ లేదమ్మా, అంతా సవ్యంగా ఉంది" అన్నాడు. సవ్యంగా ఉన్న గొంతుతో గంటక్క ఏడవడానికి కూడా లేకపోయింది. మొగుడికైతే పిచ్చెక్కినంత పనైంది. "ఇన్నేళ్లూ కాస్త మెల్లగా మాట్లాడవే అని మొత్తుకున్నా. ఇప్పుడు ఈ ఇంట్లో ఉంటే ఎవరో పోయినట్టుంది. ఒక్కసారి తిట్టవే, నీకు పుణ్యముంటుంది" అని బతిమాలేవాడు.

కేసు చూస్తున్న ప్లీడరు దాపరికం లేకుండా చెప్పాడు. "ఆ ముగ్గుర్ని కళ్లారా చూసింది మీరొక్కరే. మీరు గట్టిగా చెబితే కేసు నిలబడుతుంది. ఇలా గుసగుసలాడితే అవతలి ప్లీడరు మిమ్మల్ని నమిలి మింగేస్తాడు."

మేనకోడలు చెప్పింది అంతకన్నా గుచ్చుకుంది. లాండ్రీ బాగుచేసి మళ్లీ తెరిచినా ఆ పిల్ల పనిలోకి రాలేదు. "ఎడమ పక్క నుంచి బండొస్తే నాకు కనబడదత్తా. నువ్వు మళ్లీ అరిచే రోజున కబురు పెట్టు, వస్తా" అంది నవ్వుతూనే. గంటక్క ఇంటికొచ్చి తలుపు గడియ వేసి, దానికి అడ్డంగా కుర్చీ పెట్టి, ఆ కుర్చీలోనే కూర్చుండిపోయింది.

పెద్దాస్పత్రి వాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు, ఏ మాటకామాటే చెప్పుకోవాలి. మనసు బాధలకి వైద్యం చేసే ఒక పెద్దమనిషిని పంపారు. ఆయనకి వీళ్ల మాట రాదు, దుబాసీని పక్కన పెట్టుకుని ఒక్కొక్కరినే గదిలోకి పిలిచేవాడు. "మీ బాధ సున్నా నుంచి పది దాకా ఎంత?" అని అడిగేవాడు. అందరూ సున్నా అన్నారు. రోలరు దగ్గర పనిచేసే ముసలమ్మ మాత్రం, "పదంటే ఏమిస్తారు నాయనా?" అని ఎదురడిగింది. ఆయన 'వీళ్లు గట్టి మనుషులు' అనుకుని వెళ్లిపోయాడు.

గట్టి మనుషులా పాడా! ఇస్త్రీ మనిషి కిటికీ ఉన్న గదిలో అన్నం తినడం మానేసింది. బండ్లు తోసే ఆవిడ పొయ్యి వెలిగించలేక పక్కింటి పిల్లని పిలుస్తోంది. కానీ ఎవరిని అడిగినా ఒకటే మాట. "కన్ను పోయింది ఆ పిల్లకి. నాకేమైందని ఏడవను?" మేనకోడల్ని అడిగితే, "నాకింకో కన్నుందిగా. పాపం మా అత్తకి గొంతే లేదు" అనేది. ఇలా బాధని చేతులు మార్చుకుంటూ పోయారే గానీ, ఎవరూ ఇది నాదని ఒళ్లో పెట్టుకోలేదు.

తర్వాత వాళ్ల వాళ్లలోంచే ఒక అమ్మాయి వచ్చింది. వాళ్ల రంగే, వాళ్ల మాటే. కాకపోతే వేరే ఊళ్లో పెరిగి, భాష పుస్తకాల్లో నేర్చుకున్న పిల్ల. "నేను డాక్టర్ని కాదండీ" అని ఎంత మొత్తుకున్నా డాక్టరమ్మ అనే పేరు పడిపోయింది. లాండ్రీ వెనకాల సామాన్ల గది ఖాళీ చేసి ఇచ్చారు. మొదటి రోజున అందరినీ కూర్చోబెట్టి చేతులు జోడించి, "మీ వేదనను నాతో పంచుకోవచ్చు" అంది.

"పంచుకోడానికి అదేమన్నా పొలమా తల్లీ?" అంది నురగమ్మ.

నురగమ్మ అంటే గంటక్క తోడికోడలు, చిన్నది. యంత్రాల్లో సబ్బు పోసే పని. సబ్బు కన్నా ఆమె మాటలే ఎక్కువ నురగ కడతాయని ఆ పేరు. ఆ దెబ్బకి అందరూ ఘొల్లున నవ్వారు. డాక్టరమ్మ జోడించిన చేతులు దించేసింది. ఆ తర్వాత రోజూ ఆ గదిలో ఒంటరిగా ఈగలు తోలుకుంటూ కూర్చుంది.

చివరికి తలుపు తోసుకుని వచ్చింది కూడా నురగమ్మే.

"నాకేం లేదు, రాయిలా ఉన్నా. మా అక్క సంగతి చెబుదామని వచ్చా" అంది, ఎవరైనా వింటున్నారేమోనని వెనక్కి చూస్తూ. "తలుపుకి కుర్చీ అడ్డంపెట్టి కూర్చుంటుందట. నిద్దర లేదు. నేను చెప్పినట్టు చెప్పకమ్మోయ్, చంపేస్తుంది."

డాక్టరమ్మ పుస్తకం తీయలేదు, సున్నా పదీ అడగలేదు. "అయ్యో, ఇంకా?" అంది. అంతే, నురగమ్మకి కావలసింది ఆ ఒక్క మాటే. పొద్దుపోయేదాకా చెప్పింది.

ఆ లాండ్రీలో గుట్టు నిలిస్తే కదా! మర్నాటికల్లా గంటక్క చెవిన పడింది. ఆమె విసవిసా ఆ గదిలోకి వెళ్లి, "అది నా మీద చాడీలు చెప్పిందా? దాని బాగోతం నేను చెబుతా విను" అని గుసగుసగానే గాలివాన మొదలెట్టింది. నురగమ్మ తోమిన గిన్నే మళ్లీ మళ్లీ తోముతుందట. పిల్లలు బడి నుంచి కాస్త ఆలస్యమైతే చెప్పుల్లేకుండా రోడ్డు మీదికి పరుగెడుతుందట. "రాయిలా ఉన్నానందా? రాయి కాదు, అప్పడం. ముట్టుకుంటే విరుగుతుంది" అంటూ ఉండగా గంటక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎందుకో ఆమెకే తెలియలేదు. కక్ష తీర్చుకోడానికి వచ్చి తోడికోడలి కోసం ఏడుస్తోంది!

ఇక చూడండి తమాషా. గంటక్క వెళ్లిందని బండ్లావిడ, బండ్లావిడ తన మీద ఏం చెప్పిందోనని ఇస్త్రీ మనిషి, అందరి మీదా చెప్పడానికి ముసలమ్మ. పని దిగగానే ఆ గది ముందు గుంపు. తన గురించి ఒక్కరూ నోరు విప్పరు, పక్కావిడ గురించి మాత్రం వెన్నపూస తీసినట్టు తీసి పెడతారు. ఆ గదికి చాడీల గది అని పేరు స్థిరపడిపోయింది.

డాక్టరమ్మ చదువుకున్న పిల్లే గాని, వినే చెవి కూడా ఉన్న పిల్ల. ఒక రోజు సాయంత్రం ఆ గది తాళం వేసి, మడతల హాల్లోకి వచ్చింది. "ఇన్ని చాడీలు నా ఒక్క కడుపులో పట్టట్లేదండీ. రేపట్నుంచి ఇక్కడే, ఎవరి మీద చెప్పాలో వాళ్ల ముందే చెప్పండి" అంది.

"ఎదురుగా చెబితే అది చాడీ ఎలా అవుతుందమ్మా, సాక్ష్యమవుతుంది గానీ!" అని నురగమ్మ లబలబలాడింది.

"అవనివ్వండి" అంది డాక్టరమ్మ. "విన్నావిడ, చెప్పినదాంట్లో తప్పుంటే దిద్దాలి. ఒప్పైతే ఊరుకోవాలి. అంతే."

ఊరికే కూర్చుంటే వాళ్లకి నోరు పెగలదని ఆమెకి అప్పటికే అర్థమైంది. అందుకని దుప్పట్లు మడుస్తూ మొదలెట్టారు. పెద్ద దుప్పటి మడవడానికి ఇద్దరు కావాలి. చెరో రెండు కొసలు పట్టుకుని ఎదురెదురుగా నిలబడాలి, దులపాలి, ఒకరి వైపు ఒకరు నడిచి కొసలు కలపాలి. ఆ ఇద్దరిలో ఒకరు రెండోవారి సంగతి చెప్పాలి. దుప్పటి బారుగా ఉన్నప్పుడు దూరం నుంచి మొదలెట్టిన మాట, చివరి మడతకి వచ్చేసరికి మొహంలో మొహం పెట్టి చెప్పాల్సి వచ్చేది. మొదట్లో సిగ్గుపడ్డారు, పోట్లాడుకున్నారు, ఒకరోజు ఒక దుప్పటి చిరిగింది కూడా. ఆ తర్వాత "అవును, పొయ్యి వెలిగించాలంటే చేతులొణుకుతాయి" అని ఒక గొంతు ఒప్పుకుంది. "నాక్కూడా" అంది ఇంకో మూల నుంచి ఇంకో గొంతు. మర్నాడు ఆ ఇద్దరూ ఒకే పొయ్యి దగ్గర నిలబడి, ఒకరు పుల్ల గీస్తే ఇంకొకరు చెయ్యి పట్టుకుని వెలిగించారు.

డాక్టరమ్మనీ వదల్లేదు. ముసలమ్మ ఆమెతో దుప్పటి పట్టుకుని, "ఈ పిల్ల ఏ గదిలోనైనా వీపు గోడకానించి, తలుపుకేసి చూస్తూ కూర్చుంటుంది. నేను మొదటి రోజే కనిపెట్టా" అంది. డాక్టరమ్మ దిద్దలేదు. "చిన్నప్పుడు బళ్లో వెనక నుంచి నా జడ కత్తిరించారు, మసీ అని" అంది చిన్నగా. ఆ రోజు నుంచి ఆమె వాళ్లకి పరాయి పిల్ల కాదు. ఆమె వెనకాల ఎప్పుడూ ఎవరో ఒకరు వచ్చి నిలబడేవారు.

అందరికీ ఒక్కో మెట్టూ తేలికవుతోంది. గంటక్క గొంతు మాత్రం అలాగే ఉంది. వాయిదా దగ్గరపడుతోంది.

ఒక సాయంత్రం మేనకోడలు కూడా వచ్చి బల్ల పక్కన కూర్చుంది. తోడికోడళ్లిద్దరూ దుప్పటి పట్టుకున్నారు. వెనక డ్రమ్ములు ఇంకా తిరుగుతున్నాయి. నురగమ్మ గొంతు సవరించుకుని మొదలెట్టింది.

"మా అక్క గురించి ఊరంతా గొప్పగా చెప్పుకుంటారు గానీ, ఆ రోజు ఆవిడ అరవనేలేదు. అంతా వట్టి మాట. నా దారి నేనే వెతుక్కుని వచ్చా."

హాల్లో అందరి చేతులూ ఆగిపోయాయి. గంటక్క కళ్లు పెద్దవయ్యాయి. తప్పైతే దిద్దాలి, అది నియమం. నోరు తెరిచింది, గాలి వచ్చింది. నురగమ్మ దుప్పటి కొసలు పట్టుకుని ఇంకో అడుగు ముందుకేసింది. "పిల్లిలా మూల కూర్చుంది. నేను చూశాగా."

"అబద్ధం!"

డ్రమ్ముల హోరు మీదుగా వచ్చింది ఆ మాట. బల్ల మీద గాజు గ్లాసు ఝల్లుమంది. "అబద్ధమే నీ నోట్లో మన్నుపడ! అరిచాను! గొంతు చీరుకుపోయేలా అరిచాను! ఇటు ఇటు అని అరిచాను! నా గొంతు పట్టుకుని వచ్చింది ఎవరే? నువ్వు కాదూ?"

అని ఉన్నట్టుండి ఆగింది. దుప్పటి చేతుల్లోంచి జారిపోయింది.

"తర్వాత ఆపేశానే" అంది. గొంతు తగ్గింది గానీ గుసగుస కాదు. "అందరూ వచ్చేశారనుకుని ఆపేశా. అది లోపలే ఉంది. నా బంగారు తల్లి లోపలే ఉంది, నేను నోరు మూసుకుని నిలబడ్డా. నేను అరుస్తూ ఉంటే అది ముందే వచ్చేది, దాని కన్ను దక్కేది!"

ఇన్నాళ్లూ గొంతుకి అడ్డంపడ్డది అదన్నమాట. పొగా కాదు, భయమూ కాదు. మేనకోడలు బల్ల దగ్గర నుంచి లేచి వచ్చింది.

"నువ్వాపావా?" అంది. "నాకిప్పుడే తెలిసింది. అత్తా, గంట కొట్టడం ఆపితే మోత ఆగుతుందా? నా చెవుల్లో ఇటు ఇటు అని మోగుతూనే ఉంది. ఆ మోత పట్టుకునే వచ్చా. లేకపోతే ఇంకో కన్ను కాదు, నేనే ఉండేదాన్ని కాదు. కన్ను పోయింది అద్దం వల్ల. అద్దం పోయింది రాయి వల్ల. రాయి విసిరింది ఆ గుంపులో ఎవడో వెధవ. మధ్యలో నీ నోరెక్కడుందో చెప్పు!"

గంటక్క మేనకోడల్ని పట్టుకుని ఏడ్చింది. గట్టిగా, బావురుమని, ఆ లాండ్రీ గోడలు అదిరేలా ఏడ్చింది. అంత ఏడుపు విని అంత సంతోషించిన మనుషుల్ని ఎక్కడా చూడం. ఏడ్చి ఏడ్చి, ముక్కు చీది, తోడికోడలి వైపు తిరిగింది. ఇక తిట్లు! పుట్టింటి నుంచి మొదలెట్టి అత్తింటి దాకా ఒక్కటీ వదల్లేదు. నురగమ్మ ఆ తిట్లన్నీ దండలు వేయించుకుంటున్నట్టు తల వంచుకుని, నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ నిలబడింది.

"కావాలనే చెప్పారా మీరు?" అని డాక్టరమ్మ అడిగింది.

"ఒకే ఇంటి కోడళ్లం తల్లీ" అంది నురగమ్మ. "ఆవిడ దేనికి ఊరుకుంటుందో, దేనికి ఊరుకోదో నాకు తెలీదా?"

అయితే పోయిన గొంతు ఒక్క అరుపుతో కాపురానికి వచ్చేయలేదు. ఒక రోజు ఉండేది, ఇంకో రోజు అలిగేది. వాయిదా రోజు పొద్దున లేచి చూసుకుంటే మళ్లీ గుసగుసే. "ఏం చేద్దామే?" అంది గంటక్క. "ఏం చేస్తాం, పద" అంది నురగమ్మ.

లాండ్రీ లాండ్రీ అంతా కోర్టుకి కదిలింది. ఉతికి ఇస్త్రీ చేసిన బట్టలు కట్టుకుని వరసగా బెంచీల మీద కూర్చున్నారు. ఎదుటి పక్క ఆ ముగ్గురూ తల దువ్వుకుని, మీసం దిద్దుకుని, పెళ్లికొచ్చినట్టు కూర్చున్నారు. గంటక్క బోనులోకి వెళ్లి నిలబడింది. తన మాటలోనే చెప్పవచ్చన్నారు, తిప్పి చెప్పడానికి పక్కనే దుబాసీ ఉన్నాడు. ఆ రోజు ఏం చూశారని అడిగారు. ఆమె పెదాలు కదిలాయి. దుబాసీ చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాడు. అవతలి ప్లీడరు పక్కవాడితో ఏదో అని నవ్వాడు.

జడ్జిగారు ముందుకి వంగి, మర్యాదగానే, "కాస్త గట్టిగా చెప్పండమ్మా" అన్నాడు.

బెంచీల్లోంచి నురగమ్మ నిట్టూర్పు అందరికీ వినిపించింది. "అయ్యో పాపం, కోరి కొరివితో తల గోక్కుంటున్నాడు!"

ముసలమ్మ ముందు కిసుక్కుమంది. ఆ తర్వాత ఇస్త్రీ మనిషి, బండ్లావిడ, మేనకోడలు. నవ్వు ఆపుకోలేక కొంగులు నోట్లో కుక్కుకున్నారు. గంటక్క అటు తిరిగి చూసింది. అందరూ ఉన్నారు. ఒక్కరూ లోపల మిగిలిపోలేదు. ఆమెకీ నవ్వు వచ్చింది. ఆ నవ్వు వెనకే ఊపిరి, ఊపిరి వెనకే గొంతు.

"నేను చూశాను!"

దుబాసీ ఉలిక్కిపడి వెనక్కి తగ్గాడు. వరండాలో కునుకు తీస్తున్న జవాను లేచి సలాం కొట్టాడు. "వెనక సందులో, ఈ కళ్లతో చూశాను! డబ్బా పట్టుకున్నది ఆ చివరివాడు. అగ్గిపెట్టె ఆ నడిమివాడిది. నవ్వింది ఈ మూడోవాడు. మేం లోపల దగ్గుతుంటే వీడు నవ్వాడు!" ఆమె వేలు చూపించిన చోటల్లా ఒక్కో తల కిందికి దిగింది. ముగ్గురూ తేలు కుట్టిన దొంగల్లా అయిపోయారు.

అవతలి ప్లీడరు లేచాడు. "అంత పొగలో మీకు మొహాలెలా కనిపించాయి?"

"పొగ మాకు పెట్టి, వెలుతురు వాళ్లుంచుకున్నారయ్యా! అందుకే కనిపించారు!"

దుబాసీ ఆ మాటని తిప్పి చెప్పాడు గానీ, అప్పటికే దాని అర్థం హాలంతటికీ తెలిసిపోయింది. ప్లీడరు కూర్చున్నాడు. జడ్జిగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఇక కొంచెం మెల్లగా చెప్పినా వినిపిస్తుందమ్మా" అన్నాడు.

ముగ్గురికీ శిక్ష పడింది. తీర్పు విన్న రోజున లాండ్రీలో డ్రమ్ములు ఆపి మరీ కేకలు పెట్టారు. ఊరు ఒక్కరోజులో మారిపోయిందని చెప్పను. బస్సులో పక్క సీటు ఇప్పటికీ ఒక్కోసారి ఖాళీగానే ఉంటుంది. అప్పుడు వీళ్లు హాయిగా సంచీ పెట్టుకుంటారు. సామాన్ల గదిలో మళ్లీ సామాన్లు చేరాయి. మడతల హాల్లో మాత్రం చాడీలు ఆగలేదు. డాక్టరమ్మ రాని రోజున ఆమె మీద కూడా చెబుతారు, వచ్చాక మళ్లీ ఎదురుగా చెబుతారు.

మేనకోడలికి కబురు వెళ్లింది. ఆ పిల్ల కొంగు బిగించి వచ్చి, రోలరు ముందు తన పాత చోట నిలబడింది. యంత్రాలు మొదలయ్యాయి. ఆవిరి లేచింది. ఎడమ పక్క నుంచి, కన్ను లేని పక్క నుంచి, తడి దుప్పట్ల బండి దొర్లుకుంటూ వస్తోంది.

"బండొస్తోందీ! తప్పుకోండీ!"

మేనకోడలు తల తిప్పి చూడలేదు. చేతిలోని దుప్పటి రోలరుకి అందిస్తూనే ఒక్క అడుగు పక్కకి జరిగింది. బండి వెళ్లిపోయాక మళ్లీ తన చోటికి వచ్చి, ఇంకో దుప్పటి అందుకుంది.